బడిపిల్లల జోళ్లు: వెల యెంత, విలువ యెంత?

తొలకరి మేఘము కనబడునప్పటికి మన చేతిలోని డబ్బంతయు వేరుసెనగ విత్తనమునకును, ఎరువునకును, సేద్యపు కూలికిని పోవును. అదే జూను నెలలో బడులు తెరచెదరు. పుస్తకములు, బట్టలు, సంచి, జోళ్లు అన్నియు ఒక్కమారుగా కావలసివచ్చును. ఇందు పుస్తకమునకు అచ్చువేసిన వెల యున్నది. గుడ్డను చేతితో పట్టి, నేత చూచి కొందుము. జోళ్లను మాత్రము నలుపును మెరుపును చూచి, అంగడివాడు చెప్పిన మాటను నమ్మి, తొందరలో తీసికొని వచ్చుచున్నాము. దసరా సెలవులు రాకమునుపే అడుగు ఊడును, పిల్లవాడు మరల చెప్పులు లేక బడికి పోవును, లేదా తండ్రి మరల అంగడికి పోవును. ఎద్దును కొనునప్పుడు పండ్లు, గిట్టలు, నడక చూడక పగ్గము పట్టని మనము బిడ్డ కాలికి కొను వస్తువును చూడక కొనుట తగునా?

జోళ్లు పట్టణవాసుల సోకు అను మాట కొన్ని యిండ్లలో ఇంకను వినబడుచున్నది. మన కర్నూలు, కడప సీమల నేల నెరిగినవారు ఈ మాట అనరాదు. ఏప్రిలు నెలలో ఎండ నలువది డిగ్రీలు దాటినప్పుడు నాపరాతిమీదను తారురోడ్డుమీదను ఉత్తకాలితో నడచుట ఎట్టిదో మనకు తెలియును. గట్లవెంబడి తుమ్మముండ్లు, కంపముండ్లు, బీళ్లలో పల్లేరుకాయలు. వాన పడినయెడల నల్లరేగడి బురద. రక్తపింజర మొదలగు పాములు మనిషిని కరచునది తరచుగా పాదముననో చీలమండ యొద్దనో. జోళ్లు తొడిగినంతమాత్రమున పాము భయము పూర్తిగా తీరదు గాని పాదమునకు ఒక అడ్డు కలుగును. మరియొక శత్రువు కంటికి కనబడనిది. కొంకిపురుగు పిల్ల మలముతో చెడిన తడినేలలో నుండి ఉత్తపాదపు చర్మమును తొలుచుకొని లోనికి ప్రవేశించి, ప్రేగులలో చేరి రక్తము పీల్చును. బిడ్డ పాలిపోయి, చదువున మందగించుటకు ఇదియు ఒక కారణము. అమెరికా దక్షిణరాష్ట్రములలో 1909వ సంవత్సరమున రాక్‌ఫెల్లర్ ధనసహాయముతో ఈ పురుగును తొలగించు ప్రయత్నము సాగినప్పుడు వైద్యులు మందుతోపాటు మరుగుదొడ్డిని, జోళ్లను గూర్చియు ఊరూర బోధించిరి. మన దేశమున 2015 నుండి బడులలో పురుగులమందు ఇచ్చుచున్నారు. మందు లోపలి పురుగును చంపును. మరల లోనికి రాకుండ కాచునవి జోళ్లును మరుగుదొడ్డియును.

ఇక సర్కారుబడుల సంగతి. 2020 అక్టోబరు నెలలో విద్యాకానుక పేరను, 2025 జూను నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థిమిత్ర పేరను, మన రాష్ట్రప్రభుత్వము 1 నుండి 10వ తరగతి వరకు చదువు పిల్లలకు పుస్తకములు, బట్టలు, సంచితోపాటు ఒక జత బూట్లు, రెండు జతల మేజోళ్లు ఉచితముగా ఇచ్చు ఏర్పాటు జరిగినది. ఇది మంచిపని. అయినను ఇచ్చిన జతను తీసికొని ఊరకుండుట చాలదు. పాదపు కొలత తీసిన దినమునకును జత చేతికి వచ్చు దినమునకును నడుమ నెలలు గడచినచో బిడ్డ పాదము పెరిగియుండును. ఇచ్చిననాడే తొడిగించి, నడిపించి చూడవలెను. బిగువైనచో సిగ్గుపడక ప్రధానోపాధ్యాయునకు తెలిపి మార్చుకొనవలెను. ఉచితముగా వచ్చినదని బిగువు జోడును తొడిగించుట మేలు కాదు. ఆ జత చినిగిన తరువాత గాని, ప్రైవేటు బడిలో చదువు పిల్లల విషయమున గాని, కొనుగోలు భారము మనదే.

ఇచ్చట మా ముఖ్యాభిప్రాయమును చెప్పెదము. జోళ్ల వెల అంగడిలో ఇచ్చిన రూపాయలు కావు. ఎన్ని దినములు తొడిగిరో ఆ దినములతో రూపాయలను భాగింపగా వచ్చునదే నిజమైన వెల. 2009 నాటి విద్యాహక్కు చట్టము 6 మొదలు 8 తరగతులకు ఏటికి 220 పనిదినములను నిర్ణయించినది. మూడువందల రూపాయల జత మూడు నెలలలో, అనగా సుమారు 66 బడిదినములలో, చినిగినదనుకొందము. దినమునకు నాలుగున్నర రూపాయలు పడినది. ఏడాది గడచుటకు మూడు జతలకు పైగా కావలెను. ఆరువందల రూపాయల జత ఏడాది పొడుగున నిలిచినచో దినమునకు మూడు రూపాయలు కూడ పడలేదు. చౌక అని కొన్నది ప్రియమైనది, ప్రియమనుకొన్నది చౌకయైనది. ఐతే వెల యెక్కువైనదెల్ల గట్టిదని భ్రమపడరాదు. పేరునకును, ప్రకటనకును, రంగుదీపములకును పెట్టిన ఖర్చు కూడ ఆ వెలలో నుండును. కాబట్టి చేతితో పరీక్షింపవలెను.

పరీక్ష కష్టమైనది కాదు. మొదట జోడును రెండుచేతుల పట్టి వంచుడు. వ్రేళ్ల మొదటికీళ్లు వచ్చుచోట వంగవలెను. నట్టనడుమ మడతపడునది బలములేనిది, ఎచ్చటను వంగనిది కాలిని బాధించునది. మడమ వెనుకభాగమును బొటనవ్రేలితో నొక్కుడు, అది అణగిపోరాదు. పైభాగము అడుగుతో కలియుచోట చుట్టును వ్రేలు త్రిప్పి చూడుడు. బంక మాత్రమే పూసినదో, కుట్టును వేసినదో తెలియును. బంకతో అంటించినదానికంటె కుట్టునున్నది మేలు, ఏలయన మన ఎండకు బంక మెత్తబడి విడిపోవుట కలదు. లోపల చేయి పెట్టి మొలలు, గట్టి అతుకులు తగులునేమో చూడుడు.

అడుగులలో రబ్బరుది రాతినేలకు ఓర్చును. ప్లాస్టిక్కు అడుగు చౌక, కాని బరువు, జారును. తేలికగా నురుగువలె నుండు పాలియురెథేన్ అడుగు నడకకు హాయి; ఐతే అది గాలిలోని తేమచేత కొన్ని యేండ్లకు తనంతట చెడును. అంగడిలో ఏండ్లతరబడి మూలబడియున్న జత పైకి క్రొత్తదివలె కనబడి, తొడిగిన కొలదిదినములకే పొడిపొడిగా రాలును. పెట్టెపైని తయారీ నెలను చదువక ఇట్టి జతను తగ్గింపు వెలకు కొనరాదు. పైభాగము నిజమైన తోలైనచో కత్తిరించిన అంచున పీచు కనబడును. కృత్రిమమైనచో వెనుక గుడ్డ అంటించియుండును. కృత్రిమపు తోలు కడుగుటకు సులభము గాని గాలి ఆడదు. చెమటతో పాదము నాని, వ్రేళ్లసందున ఒరయును. బడివారు ఒప్పుకొన్నచోట గట్టి కాన్వాసు బూట్లే మన ఎండకు మేలని మా తలంపు. వెల తక్కువ, గాలి ఆడును, బురద కడిగినచో మరునాటికి ఆరును.

2024 ఆగస్టు 1 నుండి పాదరక్షలకు ఐ.ఎస్.ఐ. గుర్తును గూర్చిన కేంద్రప్రభుత్వపు ఉత్తర్వు అమలునకు వచ్చినది. చిన్న ఉత్పత్తిదారులకు మినహాయింపులున్నవి గనుక గుర్తు లేనంతమాత్రమున సరుకు చెడ్డదనరాదు. ఉన్నచో కొంత నమ్మకము. 2025 సెప్టెంబరు 22 నుండి వేయిరూపాయలలోపు జతపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. రసీదు అడిగి తీసికొనుడు. రసీదు లేనివానికి అడుగు ఊడినప్పుడు అడుగుట కష్టము.

కొలత విషయము అన్నిటికంటె ముఖ్యము. చాలమంది తండ్రులు రెండేండ్లు వచ్చునని రెండుమూడు సైజులు పెద్దవి కొని ముందు గుడ్డపీలికలు కుక్కుచున్నారు. అట్టి జోటిలో పాదము ముందువెనుకలు ఆడును. మడమ ఒరసి పుండగును, పిల్ల తొట్రుపడును, అడుగు ఒకవైపే అరిగి, పాదము సరిపడునప్పటికి జోడు ఉండదు. ఆంగ్లేయుల సైజుల లెక్కకు మూలము యవగింజ యని వినినచో రైతులు సంతోషింతురు. ఒక సైజునకును తరువాతి సైజునకును తేడా ఒక యవగింజ పొడుగు, అనగా అంగుళములో మూడవవంతు, సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. పిల్లల సైజులు 13 వరకు పోయి మరల 1 నుండి మొదలగును. ఇది తెలియక 1వ సైజు చిన్నదని తలచువారున్నారు. ఆరు మొదలు పండ్రెండేండ్ల పిల్లల పాదము ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. కాబట్టి పొడుగైన వ్రేలికి ముందు పెద్దవారి బొటనవ్రేలి వెడల్పున సందు ఉన్నచో ఒక బడియేడునకు సాధారణముగా చాలును. అంతకు మించినది వ్యర్థము.

కొలుచు విధము: సాయంకాలము, పాదములు కొంచెము ఉబ్బియుండు వేళ, మేజోళ్లు తొడిగించి, మడమ గోడకు తగులునట్లు బిడ్డను కాగితముమీద నిలువబెట్టుడు. పొడుగైన వ్రేలిచివర గీత గీయుడు. రెండుపాదములును కొలిచి పెద్దదానిని తీసికొనుడు. ఆ పొడుగునకు ఒక సెంటీమీటరు చేర్చి చీపురుపుల్ల విరుచుకొని అంగడికి తీసికొనిపొండు. పుల్ల జోటిలో వంగకుండ పట్టినచో పొడుగు సరి. వెడల్పునకు బిడ్డయే సాక్షి. వీలైనచో వెంట తీసికొనిపోవుటే మంచిది. మూడునెలల కొకమారు మరల వ్రేలితో నొక్కి చూడుడు.

కొన్నదానిని కాపాడుటయు కొనుటలో భాగమే. తంగేడుచెక్కతో పదునుచేసిన తోలును, ఆముదము పట్టించి యేండ్లతరబడి తొడిగిన కిర్రుచెప్పులను మన పెద్దలెరుగుదురు. ఆ జాగ్రత్త నేటి బూట్లకును పనికివచ్చును. తడిసినవానిని ఎండలోను పొయ్యి యొద్దను పెట్టరాదు. లోపల పాతకాగితము కుక్కి నీడలో ఆరబెట్టవలెను. మేజోళ్లు దినదినము ఉతుకవలెను. ఒక కుట్టు తెగిననాడే చెప్పులు కుట్టు పనివాని యొద్దకు పంపుడు. కొద్ది ఖర్చుతో నెలలు కలసివచ్చును, ఊరి పనివానికి పనియు దొరకును. అన్న జోళ్లు తమ్మునికి తొడిగించుట తప్పు కాదు, అడుగు ఒకవైపు అరగక, మడమ చెడకున్నచో మాత్రమే.

ఒక మాట నిష్కర్షగా చెప్పవలసియున్నది. కొన్ని యిండ్లలో కొడుకునకు బూట్లు, కూతునకు రబ్బరు చెప్పులు. ముల్లునకును ఎండకును ఈ భేదము తెలియదు. ఇద్దరును ఒకే త్రోవను నడచుచున్నారు. డబ్బు చాలనప్పుడు ఇద్దరికిని కాన్వాసు జతలు కొనుట ధర్మము. ఒకరికి తోలు, మరియొకరికి ఏమియు లేకుండుట ధర్మము కాదు. పొలముదారిని ఒంటరిగా రెండుమైళ్లు నడచు ఆడపిల్ల కాలిపుండుతో నాలుగుదినములు బడి మానినచో, మానిపించుటకు ఎదురుచూచు మాటలు ఇంటిలోనే పుట్టును.

చివరకు సంఘము చేయదగినది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత విడివిడిగా బజారునకు పోవు రైతును చూచి పుట్టినది. 1844వ సంవత్సరమున ఇంగ్లాండులోని రాచ్‌డేల్ పట్టణమున 28 మంది, నేతపనివారు మొదలగువారు, కల్తీలేని పిండి, వెన్న, చక్కెర సరియైన తూకముతో దొరకుటకై తామే ఒక అంగడి పెట్టుకొనిరి. సహకారోద్యమమునకు అది దారిచూపినది. 2023 జనవరిలో కేంద్ర సహకారశాఖ ప్రాథమిక పరపతి సంఘములకు పంపిన నమూనా నియమావళి ఇరువదియైదుకు పైగా వ్యాపకములకు చోటిచ్చినది. కాబట్టి ఎరువుబస్తా ఇచ్చు సంఘము బడిజోళ్లను మాత్రము ఏల తలపెట్టరాదు?

మా సూచన యిది. ఏప్రిలు నెలలో బడులు మూయకమునుపే గ్రామమున జోళ్లు కావలసిన పిల్లల పట్టికను వ్రాయవలెను; మే నెలాఖరున కొలతలు తీయవలెను. ఇద్దరు సభ్యులు, అందొకరు తల్లియై యుండుట మంచిది, కర్నూలు, నంద్యాల, ఆదోని, కడప, ప్రొద్దుటూరులలో దగ్గరిదానికి పోయి టోకు వర్తకుల యొద్ద మాదిరిజతలు తెచ్చి పైని చెప్పిన రీతిని పరీక్షింపవలెను. సైజు కుదరనివి మార్చియిచ్చుటకును, మూడునెలలలో అడుగు ఊడినచో బదులిచ్చుటకును వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న వర్తకునికే బేరము ఖాయపరుపవలెను. సభ్యులు రొక్కము ముందుగా చెల్లింపవలెను. అప్పుమీద ఇచ్చినచో లాభము వడ్డీకి పోవును. వేరుసెనగ అమ్మిన దినమున బిడ్డకు ఇంత అని సంఘమున దాచినచో జూనులో చేయి చాపనక్కరలేదు.

ఒక గ్రామమున నలువదిమంది పిల్లలకు ఇట్లు ఒక్క యేడు చేసి చూడుడు. ఏ జత ఎన్ని నెలలు నిలిచినదో సంఘపు పుస్తకమున వ్రాసియుంచుడు. రెండవయేట అంగడివాని మాటకంటె ఆ పుస్తకమే మనకు మంచి సలహా చెప్పగలదు.