కాళ్ళు లెక్కపెట్టాకే మందు డబ్బా మూత తీయండి

హైదరాబాదు బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఒక పాతకాలపు భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది అక్కడే. అంతకు ముందు ఎన్నో దోమల్ని కోసి చూసినా ఫలితం లేకపోయింది. రెక్కల మీద మచ్చలున్న దోమ దొరికాకే గుట్టు బయటపడింది. ఆ దోమ పేరు ఆయనకు తెలియదు. గుర్తుల్ని బట్టే వేరుచేశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

దోమ సంగతి మనకెందుకంటారా? ఆవ, ముల్లంగి, క్యాబేజీ మడుల్లో మనదీ అదే తికమక. ఆకు తింటున్న పురుగు కనబడగానే గొంగళి పురుగే అనుకుని మందు కొడతాం. అది రంపపు ఈగ పిల్ల అయితే? గొంగళి పురుగులను చంపే బి.టి. జీవ మందు దానిమీద పనిచేయదు. డబ్బూ పోయె, లేత పైరూ పోయె!

అందుకని ఈ ప్రశ్నలు వరసగా వేసుకోండి.

మొదటిది, కాళ్ళెన్ని? ఛాతీ కింద 3 జతల గట్టి కాళ్ళు రెండింటికీ ఉంటాయి. పొట్ట కింద మెత్తటి కాళ్ళు చూడాలి. 5 జతలు లేదా అంతకు తక్కువ ఉంటే గొంగళి పురుగు. 8 జతలుంటే ఆవ పంట రంపపు ఈగ పిల్ల.

రెండోది, ముట్టుకుంటే ఏం చేస్తుంది? రంపపు ఈగ పిల్ల చుట్టుకుని, చచ్చినట్టు కింద పడుతుంది. డైమండు రెక్కల పురుగు పిల్లయితే గిలగిలా కొట్టుకుని దారానికి వేలాడుతుంది.

మూడోది, వీపు ఎలా ఉంది? ఎదిగిన రంపపు ఈగ పిల్ల ముదురు రంగులో ఉండి వీపున 5 నల్లటి చారలుంటాయి. అయితే రంగునొక్కదాన్నే నమ్మవద్దు. వయసుతో రంగు మారుతుంది.

తల్లి ఈగకు నారింజ రంగు ఒళ్ళు, నల్ల తల, పొగ రంగు రెక్కలు. రంపం లాంటి అవయవంతో ఆకు అంచు కోసి గుడ్లు పెడుతుంది. అందుకే ఆ పేరు.

పిల్లలు ఉదయం, సాయంత్రం మేస్తాయి. ఆ వేళల్లో ఏరి సబ్బు నీళ్ళలో వేయండి. నారు దశలో నీరు పెడితే చాలావరకు మునిగి చస్తాయి. వేసవి దుక్కి చేస్తే మట్టిలోని గూళ్ళు బయటపడి ఎండకు నశిస్తాయి.

నా మాట ఒక్కటే. మందు పేరు చెప్పేవారిని ముందు పురుగు గుర్తు అడగండి. వ్యవసాయ కార్యాలయాలు కూడా ఇలాంటి ప్రశ్నల పట్టికను గోడ మీద రాయించాలి. భూతద్దం ఖర్చు ఒక్కసారే, తప్పు మందు ఖర్చు ప్రతి పంటకీ!