బి.సి.జి. మచ్చ ఉంటే చాలా?

మనలో చాలామందికి ఎడమ భుజం మీద ఉండే చిన్న మచ్చ బి.సి.జి. టీకాది. 1921లో పారిస్‌లో ఓ పసిబిడ్డకు మొదటిసారి ఇచ్చిన ఈ మందు ఇప్పుడు క్షయకే పరిమితం కాదు. మూత్రాశయ కేన్సర్ కండరం దాకా పాకకముందు కణితి తీసేసి, బి.సి.జి.ని గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. దాంతో రోగనిరోధక శక్తి మేల్కొని, మిగిలిన కేన్సర్ కణాల మీద పడుతుంది. కెనడా డాక్టర్ మొరాలెస్ 9 మంది రోగుల్లో దీని ఫలితాలను 1976లో ప్రకటించారు. నేటికీ ఇది ముఖ్యమైన చికిత్సే.

కోవిడ్ రోజుల్లో దీనిమీద ఎన్ని ఆశలు పెట్టుకున్నారో! తీరా ఆరోగ్య సిబ్బందిపై అనేక దేశాల్లో చేసిన పరీక్షలో ఆ రక్షణ కనబడలేదని 2023లో తేలింది.

నన్నడిగితే మనకు కావలసిన సంగతి వేరే ఉంది. “చిన్నప్పుడే టీకా వేశారు, నాకు టి.బి. ఏమిటి?” అనుకుంటాం. పసివాళ్లను మెదడు క్షయ నుంచి బాగా కాపాడే ఈ టీకా పెద్దల ఊపిరితిత్తులకు అంత భరోసా ఇవ్వదు. 1968లో మద్రాసు దగ్గర చెంగల్పట్టులో మొదలైన భారీ పరిశోధన ఈ మాటే చెప్పింది. పిల్లలు దగ్గితే డాక్టరు దగ్గరకు పరుగెడతాం, మన దగ్గుకు మాత్రం మిరియాల కషాయం! రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో అది ఉచితమే.