శత్రువు ఇంట బతికిన 12ఎ

నడిగడ్డ ముచ్చట
– నడిగడ్డ వాసి

లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఒక పాత బాంబర్ ఉంది. చెక్క చట్రానికి గుడ్డ బిగించి చేసిన విమానం. ముందు పైలట్‌కో గుంత, వెనక తుపాకీ పట్టుకునేవాడికి ఇంకో గుంత. పైన కప్పు లేదు. హైదరాబాద్ నిజాం బహూకరించినదని, ‘హైదరాబాద్ నంబర్ 12ఎ’ అని దాని పక్కన తెల్లటి అక్షరాలు. ఫొటోలో ఆ అక్షరాలు చూసిన రోజు నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. ఆ విమానంలో మా గద్వాల నడిగడ్డ జొన్నలున్నాయి.

మాటవరసకు అనడం లేదు. ఆనాటికి గద్వాల, వనపర్తి, కొల్లాపురం సంస్థానాలన్నీ నిజాం నీడలో ఉండి ఏటేటా పేష్కష్ అనే కప్పం కట్టినవే. సర్కారు దివానీ ఊళ్ల శిస్తు వేరు, నిజాం సొంత సర్ఫేఖాస్ రాబడి వేరు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏ ఖాతాలోంచి తీసి ఇచ్చినా, ఆ రూపాయి పుట్టింది ఏదో ఒక రైతు కళ్లంలోనే. అది 1918వ సంవత్సరం. దక్కనులో వానలు ఎగ్గొట్టిన ఏడు, ఇన్‌ఫ్లుయెంజా ఇంటింటికీ తిరిగి మనుషుల్ని ఎత్తుకుపోయిన ఏడు. ఆ ఏడే నిజాం డబ్బుతో కొన్న విమానాలు ఫ్రాన్స్ చేరాయి. వాటిని నడిపిన దళానికి 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. డీహెచ్ 9ఎ రకం విమానాలతో యుద్ధరంగానికి వెళ్లిన మొదటి దళం అదే.

సెప్టెంబర్ మొదట్లో బెటోంకూర్ అనే పల్లె పక్కన మైదానంలో దిగారు. పని జర్మనీ లోపలికి పోయి పగటిపూట బాంబులు వేసి రావడం. నవంబర్ 11న తుపాకులు ఆగేదాకా పది వారాలు. ఆ పది వారాల్లో శత్రువు దెబ్బకు 17 విమానాలు పోయాయి. సొంత ప్రమాదాల్లో మరో 28 పోయాయి. ఇంకొక్క సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో బ్రిటన్ తన విమాన సిబ్బందికి పారాచూట్ ఇవ్వలేదు. తాడు కట్టిన బెలూన్లలో కూర్చుని చూసేవాళ్లకు ఇచ్చారు, విమానంలోని వాళ్లకు లేదు. ఇంజన్ ఆగిందా, దాన్ని ఎట్లాగో నేల మీదికి దించుకోవాలి. నిప్పంటుకుంటే దించుకునేదీ లేదు.

1918 అక్టోబర్ 5న కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బోడ్లీ ఈ 12ఎలో బయల్దేరారు. తిరిగి రాలేదు. జర్మన్ నేల మీద దిగాల్సి వచ్చింది. ఇద్దరూ ప్రాణాలతో చిక్కారు. విమానం కూడా చిక్కింది. యుద్ధం ముగియడానికి అప్పటికి 37 రోజులుంది.

నాకు ఆసక్తి అక్కడే. ఆకాశంలో జరిగింది చాలామంది రాశారు. నేల తాకిన తర్వాతి మొదటి గంట గురించే నేను ఆలోచిస్తాను. కాసేపటి కిందట బాంబులు వేసినవాడు ఇప్పుడు ఆ ఊరి పొలంలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు, భాష రాదు, దారి తెలియదు. పలుగు పట్టుకుని ఊరివాళ్లు వస్తున్నారు. వాళ్ల ఇల్లు నిన్న కూలి ఉండొచ్చు. ఆ గంటలో అతని బతుకు పూర్తిగా వాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

ఆ గంట ఎంత ఘోరంగా ముగియగలదో జర్మనీలోని రుసెల్స్‌హైమ్ ఊరు చూపించింది. 1944 ఆగస్టు 26న అమెరికన్ బాంబర్ సిబ్బంది ఎనిమిదిమందిని బందీలుగా ఆ ఊరి వీధిలో నడిపిస్తుండగా జనం మీద పడ్డారు. ఆ ముందు రాత్రి ఆ ఊరి మీద బ్రిటిష్ బాంబులు పడి ఉన్నాయి. ఆరుగురు చనిపోయారు. ఇద్దరు చచ్చినట్టు పడి ఉండి తప్పించుకున్నారు. దీన్ని ఎవరూ సమర్థించలేరు. ఆ జనానికి ఏ బాధా లేదని కూడా ఎవరూ అనలేరు.

బతికించిన చేతులూ ఉన్నాయి. బెల్జియంలో ఆండ్రే ద జాంగ్ అనే 24 ఏళ్ల అమ్మాయి 1941 ఆగస్టులో ఒక బ్రిటిష్ సైనికుణ్ణి, ఇద్దరు బెల్జియన్లను ఫ్రాన్స్ మీదుగా నడిపించి, పిరనీస్ కొండలు దాటించి, స్పెయిన్‌లోని బిల్బావో బ్రిటిష్ కాన్సులేట్ గుమ్మం ముందు నిలబెట్టింది. అక్కడివాళ్లు మొదట నమ్మలేదు. ఆమె మళ్లీ వచ్చింది, మళ్లీ మళ్లీ వచ్చింది. కూలిన విమానాల కుర్రాళ్లను ఇల్లు మార్చి ఇల్లు దాచి, రైలెక్కించి, రాత్రిపూట కొండదారుల్లో నడిపిన ఆ బాటకు కామెట్ లైన్ అని పేరొచ్చింది. 1943 జనవరిలో ఆమె పట్టుబడి రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరం పాలైంది. బతికి బయటపడి, తర్వాత ఆఫ్రికా వెళ్లి కుష్ఠురోగుల సేవలో ఉండిపోయింది. ఇళ్లలో దాచినందుకు ప్రాణాలు పోయిన ఆడవాళ్లు, ముసలివాళ్లు ఆ బాట పొడవునా ఉన్నారు. దాక్కున్నవాడు దొరికితే యుద్ధఖైదీ అవుతాడు. దాచినవాళ్లకు తుపాకీ గుండో, శిబిరమో.

మా వీధిలో మగ్గం నేసే ఒక పెద్దాయన ఉన్నాడు. మామా అని పిలుస్తాను. ఈ కథలన్నీ ఆయనకు చెబుతుంటే ఒకచోట చెయ్యి ఆపి విన్నాడు. పట్టు దగ్గర.

రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ సిబ్బందికి బ్రిటన్ పట్టుగుడ్డ మీద అచ్చేసిన పటాలు ఇచ్చింది. ఎంఐ 9 అనే రహస్య విభాగంలో క్లేటన్ హటన్ అనే అధికారి ఆ పని మీదే ఉన్నాడు. కాగితమైతే సోదా చేసేటప్పుడు చప్పుడు చేస్తుంది, తడిస్తే చిరుగుతుంది, మడతల దగ్గర తెగుతుంది. పట్టు నలిపినా చప్పుడు చేయదు, చొక్కా లైనింగులో కుట్టేస్తే చేతికి తగలదు. సిరా పట్టు మీద పాకిపోతుంటే అందులో పెక్టిన్ కలిపి చిక్కబరిచారు. పండ్ల జామ్ గడ్డకట్టించేదే ఆ పెక్టిన్. పటానికి తోడు కోటు గుండీలో దిక్సూచి దాచారు. గుండీ మూత మామూలు మరకు ఎదురు తిప్పితే గాని ఊడదు.

“అగ్గిపెట్టెలో పట్టేటట్టు మడుస్తరా?” అని అడిగాడు మామ. గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందని మా ఊళ్లో ప్రతివాడూ చెప్పేదే. ఆయన దాన్ని గొప్పకు అడగలేదు. ఎంత సన్నం పోగై ఉంటుందోనని వేళ్లతో గాలిలోనే పరీక్షిస్తున్నాడు.

పారాచూట్ కూడా పట్టుదే. దానివల్ల ప్రాణం దక్కించుకున్నవాళ్లకు 1922లో ఒక సంఘం పెట్టారు. దాని గుర్తు బంగారంతో చేసిన బుల్లి పట్టుపురుగు. అది చెప్పగానే మామ మొహం మారిపోయింది. ఎన్ని వేల కాయలు ఉడికిస్తే ఒక చీర పోగు వస్తుందో ఆయనకు తెలుసు. పురుగుకు మొక్కినవాళ్లు ఒక్కరైనా ఉన్నారన్నమాట అన్నాడు.

పటం తప్పయితే ఏమవుతుందో మన దేశపు కథే ఒకటుంది. 1971 యుద్ధంలో పట్టుబడిన మన వైమానిక దళ పైలట్లు దిలీప్ పారుల్కర్, ఎం.ఎస్. గ్రేవాల్, హరీశ్ సిన్హ్‌జీ 1972 ఆగస్టులో రావల్పిండి శిబిరం గోడకు కన్నం వేసి బయటపడ్డారు. పెషావర్ దాటి, అఫ్గాన్ సరిహద్దుకు కొద్ది దూరంలో ఉన్న లండీకోతల్ దాకా చేరారు. అక్కడ లండీఖానాకు దారి అడిగారు. వాళ్ల పటంలో అది రైల్వే స్టేషన్. ఆ స్టేషన్ మూతబడి 40 ఏళ్లయింది. ఆ ఊరి పేరుతో దారి అడిగేవాడు ఆ ప్రాంతంవాడు కాడని విన్నవాళ్లకు అనుమానం వచ్చింది. పట్టుకున్నారు. గిరిజన ప్రాంతం, ఏమైనా జరగొచ్చు. అంతకుముందు తమ శిబిరం బాధ్యత చూసిన పాకిస్తానీ వైమానిక అధికారికి ఫోన్ చేయించమని పారుల్కర్ పట్టుబట్టాడు. ఆ ఫోనే వాళ్లను కాపాడింది. తప్పించుకుని వచ్చిన శిబిరం అధికారి పేరే వాళ్లకు రక్షణ అయింది.

మన తెలుగువాళ్లకు ఇది ఇంకా దగ్గరగా తగిలింది 1999లో. మే 27న కార్గిల్ యుద్ధంలో బటాలిక్ వైపు రాకెట్లు వదిలిన మిగ్ 27 ఇంజన్ ఆగిపోయింది. పైలట్ కంభంపాటి నచికేత, తెలుగు కుర్రాడు, పారాచూట్‌తో మంచులో దిగాడు. అతని కోసం వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహుజా ప్రాణాలు పోయాయి. కొద్ది గంటల్లో పాకిస్తాన్ సైనికులు నచికేతను చుట్టుముట్టారు. చేతిలో ఉన్నది పిస్తోలు, ఎదురుగా ఏకే రైఫిళ్లు.

ఆ వారం గద్వాల బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో రేడియో ముందు ఎంతమంది నిలబడేవాళ్లో నాకు గుర్తుంది. కొట్టుంటారా, తిండి పెడుతున్నారా, వాళ్లమ్మ ఎట్లుంటుందో – మాటలన్నీ ఇవే. జూన్ 3న రెడ్‌క్రాస్‌కు అప్పగించారని తెలిసినరోజు హోటలాయన చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. తర్వాతి రోజుల్లో నచికేత స్వయంగా చెప్పిన విషయం ఒకటి ఆ సంబరంలో ఎక్కడా వినబడలేదు. పట్టుకున్న సైనికులు కోపంతో కొడుతుంటే, ఒక పాకిస్తానీ అధికారి వచ్చి ఆపాడు. ఇతను ఇప్పుడు బందీ, ఇక ఇట్లా చేయకూడదని తనవాళ్లను అదుపులో పెట్టాడు. నచికేత వెన్నెముకకు తగిలిన దెబ్బ వల్ల తర్వాత యుద్ధవిమానాలు వదిలి రవాణా విమానాలకు మారాల్సి వచ్చింది. కాని బతికి వచ్చాడు, మళ్లీ ఎగిరాడు. మనం అహుజాకు మొక్కుతాం, మొక్కాలి. ఆ గంటలో చెయ్యి అడ్డం పెట్టిన ఆ శత్రు అధికారిని కూడా తలుచుకుంటే మన దేశభక్తికి వచ్చే లోటేమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను.

12ఎ లాంటి విమానాల పక్షాన మాట్లాడేటప్పుడు దాచకూడని చోటు ఒకటుంది. డీహెచ్ 9ఎ రకం విమానాలనే 1920లలో బ్రిటన్ ఇరాక్ పల్లెల మీదికి పంపింది. శిస్తు కట్టని, మాట వినని తెగల మీద బాంబులు వేయించింది. అప్పుడు పైలట్ల జేబుల్లో స్థానిక భాషల్లో రాసిన చీటీ ఒకటి ఉండేది. ఇతణ్ణి చంపకుండా అప్పగిస్తే బహుమానం ఇస్తామని దాని సారాంశం. పైనుంచి ఇల్లు కూల్చి, కింద పడితే ఆ ఇంటివాణ్ణే దయ అడిగే కాగితం అది. రెండో యుద్ధంలో బర్మా అడవుల మీద ఎగిరినవాళ్లకు కూడా అలాంటి చీటీలే, పట్టుగుడ్డ మీద, అనేక భాషల్లో ఇచ్చారు. మన 110 హైదరాబాద్ స్క్వాడ్రన్ ఆ యుద్ధంలో 1939 సెప్టెంబర్ 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, జర్మన్ యుద్ధనౌకల మీద మొదటి దాడికి వెళ్లిన దళాల్లో ఒకటి. తర్వాత భారత్ వచ్చి, వెంజెన్స్ విమానాలతో బర్మా సరిహద్దుల్లో పోరాడింది.

మళ్లీ 12ఎ దగ్గరికి వస్తాను. ఇంగ్లిస్, బోడ్లీలను బందీలుగా తీసుకుపోయాక విమానాన్ని జర్మన్లు దాచుకున్నారు. యుద్ధంలో గెలుచుకున్న వస్తువుగా బెర్లిన్ విమాన మ్యూజియంలో పెట్టారు. 1943లో ఆ మ్యూజియం మీద బాంబులు పడ్డాయి. వేసింది బ్రిటిష్ బాంబర్లే. మిగిలినవాటిని తూర్పుకు, పోలండ్ వైపు తరలించారు. యుద్ధం ముగిశాక అవి పోలండ్ చేతికి వచ్చి క్రాకోవ్ మ్యూజియం చేరాయి. అప్పటికి 12ఎకు రెక్కలు లేవు, మొండెం ఒక్కటే మిగిలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాన్ని పోలండ్‌కు ఇచ్చి బ్రిటన్ దీన్ని తెచ్చుకుంది. శత్రు భూమిలో దిగిన 59 ఏళ్లకు ఇల్లు చేరింది. హైదరాబాద్ పేరు మోసుకుని పోయినవాటిలో ఇంతకాలం ఇన్ని చేతులు మారి మిగిలింది ఇదొక్కటే కావచ్చు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. గద్వాల కోటలో కాలేజీ నడుస్తోంది. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పిల్లలు చదువుకుంటున్నారు. ఆ రెండుచోట్లా ఒక్కో గోడ మీద ఈ విమానం ఫొటో పెట్టాలి. కింద నిజాం పేరొక్కటే రాస్తే నేను ఒప్పుకోను. శిస్తు కట్టిన పల్లెల మాట రాయాలి. ఇంగ్లిస్, బోడ్లీల పేర్లు రాయాలి. వాళ్లను చంపకుండా బందీలుగా తీసుకుపోయిన జర్మన్ల గురించి ఒక వాక్యం రాయాలి. ఇంజన్లు బిగించడం నేర్చుకునే పాలిటెక్నిక్ పిల్లవాడికి ఆ ఫొటో చాలా చెబుతుంది. నాలుగువందల గుర్రాల శక్తిగల అమెరికన్ లిబర్టీ ఇంజన్‌ను చెక్కకూ గుడ్డకూ ఎట్లా అతికించారో అడుగుతాడు. అడగనివ్వండి. ఆ తర్వాత అది ఎవరి మీదికి పోయిందో కూడా అడుగుతాడు.

మొన్న సాయంత్రం ఫొటో తీసుకుపోయి మామకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పాతది ఏది, కొత్తది ఏది అని అడిగాడు. నడిమి భాగం ఆనాటిదే, రెక్కలు మాత్రం లండన్ వాళ్లు మళ్లీ చేసి పెట్టారని చెప్పాను.

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుకు పోగు మెలేసి కలుపుతారు. దాన్ని కుప్పడం అంటారు. మామ గోటితో ఆ ఫొటోలో మొండెం, రెక్క కలిసేచోట మెల్లగా గీశాడు.

“కుప్పడం బాగనే కలిపినారు” అన్నాడు. “అతుకు కనపడ్తలేదు.”