ఆ నాలుగేళ్ళూ ఎవరి బాధ్యత?

పదహారేళ్ళ కుర్రవాడు గంజాయితో పట్టుబడితే ఊరు సెల్‌ఫోనును తిడుతుంది. పదిహేడేళ్ళ అమ్మాయికి గుట్టుచప్పుడు కాకుండా పెళ్ళి చేస్తే తల్లిదండ్రులను తిడుతుంది. ఇంటరు తప్పినవాడు ఇల్లు విడిచిపోతే సినిమాలను, సావాసాలను తిడుతుంది. తిట్టడం అయిపోగానే ఎవరి పనుల్లోకి వారు వెళతారు. మరుసటి ఏడు అదే ఊళ్ళో, అదే వయసులో ఉన్న మరో గుంటడి గురించి మళ్ళీ అవే మాటలు. తప్పు ఆ ఒక్క పిల్లవానిదే అయితే ఇన్ని ఊళ్ళలో, ఇన్నేళ్ళుగా, ఒకే వయసులో ఇలా ఎందుకు జరుగుతున్నట్టు?

పాతపట్నం సరిహద్దు ఊరు. మహేంద్రతనయ ఏరు దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. బజారు పనికి, వైద్యానికి, పెళ్ళి సంబంధాలకు అటూ ఇటూ రాకపోకలు తరతరాలుగా ఉన్నవే. నీలమణి దుర్గమ్మ గుడికి రెండు రాష్ట్రాల భక్తులూ వస్తారు. ఇప్పుడు అదే దారిన గజపతి జిల్లా కొండల గంజాయి కూడా దిగుతోంది. పోలీసులు తనిఖీలు చేస్తున్నారు, సరుకు పట్టుకుంటున్నారు. మాదకద్రవ్యాల అదుపునకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసి, సమాచారం తెలపడానికి 1972 అనే ఫోను నంబరు ఇచ్చింది. ఇదంతా అవసరమే. అయితే మూటను పట్టుకున్నంత మాత్రాన, ఆ మూట మోసే కుర్రవాడు ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్న తీరిపోదు. కొద్దిపాటి డబ్బుకు జైలు దారి పట్టడానికి అతడు ఎందుకు ఒప్పుకున్నాడు?

జవాబు మన ఇళ్ళలోనే ఉంది. వానను నమ్ముకున్న చెక్క భూమి ఏడాది పొడుగునా పని చూపదు. తండ్రి విశాఖపట్నానికో, హైదరాబాదుకో, చెన్నైకో కట్టుబడి పనులకు వలస పోతాడు. తల్లి కూడా వెంట వెళితే పిల్లలు ముసలివారి దగ్గర మిగులుతారు. ముసలివారు ఇంత గంజి కాచి పోయగలరు గాని, మనవడు కాలేజీకి వెళ్ళాడా లేదా అని కనిపెట్టలేరు. వైద్యానికో, అక్క పెళ్ళికో చేసిన అప్పు నెత్తిన ఉంటే, పదో తరగతి అయిన కొడుకు చేతికి అందివచ్చిన కూలీగా కనిపిస్తాడు. ఈడొచ్చిన కూతురిని ఊళ్ళో వదిలి వెళ్ళలేక, పని స్థలాలకు వెంట తీసుకుపోలేక, ఒక అయ్య చేతిలో పెడితే చాలునని పెద్దలు తొందరపడతారు. కొండల మీది సవర గూడేల పిల్లలకు దూరం మరొక అడ్డంకి. హైస్కూలు దాకా ఎలాగో లాక్కొచ్చిన చదువు, వేళకు బస్సు లేకనో, హాస్టలు దొరకకనో ఇంటరు దగ్గర ఆగిపోతుంది.

చట్టాలు చూస్తే సంగతి మరింత స్పష్టమవుతుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ వారికే వర్తిస్తుంది. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం, కొద్దిపాటి మినహాయింపులతో, 14 ఏళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టరాదంటుంది. 14 దాటితే ప్రమాదకరమైన పనులను మాత్రమే నిషేధిస్తుంది. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండితేనే పెళ్ళి. అంటే 14 ఏళ్ళకు బడి హక్కు ముగుస్తుంది, పెద్దవారయ్యే వయసు 18కి గాని రాదు. నడుమ ఈ నాలుగేళ్ళూ పిల్లవాడు ఎక్కడున్నాడని అడగవలసిన బాధ్యత ఎవరిపైనా గట్టిగా లేదు. వలస, అప్పు, గంజాయి, తొందర పెళ్ళి, అన్నీ చొరబడేది ఈ సందులోనే.

ఇది ఊహ కాదు, లెక్కలున్న మాట. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ‘యంగ్ లైవ్స్’ అనే పరిశోధన 2002లో నాలుగు దేశాలలో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన దేశంలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. ఎంపికైన జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లలను పేరుపేరునా గుర్తుపెట్టుకుని, కొన్నేళ్ళకొకసారి వారి ఇళ్ళకు వెళ్ళి చదువు, తిండి, పని, పెళ్ళి వివరాలు రాసుకున్నారు. వారిలో పెద్ద జట్టు 19 ఏళ్ళకు చేరేసరికి తేలినదేమిటంటే, అమ్మాయిలలో నాలుగో వంతుకు పైగా 18 నిండకుండానే పెళ్ళి పీటలెక్కారు. పెళ్ళయినవారిలో సగానికి పైగా 19 ఏళ్ళకే తల్లులయ్యారు. 15వ ఏట కూడా బడిలో ఉన్న అమ్మాయిలకు ఈ ముప్పు చాలా తక్కువ. ఆ వయసుకే చదువు మానినవారికి, పేద ఇళ్ళవారికి, చదువులేని తల్లుల బిడ్డలకు ఎక్కువ. 15 ఏళ్ళకు పిల్ల బడిలో ఉందా లేదా అన్నదే ఆమె బతుకు ఎటు తిరుగుతుందో చెప్పేస్తోంది.

కేంద్ర ప్రభుత్వం జరిపిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా ఇదే హెచ్చరిక చేసింది. 2019–21 నాటి లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 లోపే పెళ్ళయింది. 15 నుంచి 19 ఏళ్ళ వారిలో నూటికి 12 మందికి పైగా అప్పటికే తల్లులో, గర్భవతులో. దేశం మొత్తం మీద ఈ సంఖ్య నూటికి ఏడుకు లోపే. అన్నపూర్ణ అని పేరు పొందిన రాష్ట్రానికి ఇది శోచనీయం.

లెక్క చూసి వేసిన అడుగు వృథా పోదనడానికి మన కళ్ళ ముందే నిదర్శనాలున్నాయి. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశం మేరకు మన రాష్ట్రంలో 2003 నుంచి బడిలో వండిన మధ్యాహ్న భోజనం పెట్టడం మొదలైంది. కరవు వల్ల పసితనంలో ఎదుగుదల కుంటుపడిన పిల్లలు ఈ భోజనంతో ఆ లోటును పూడ్చుకున్నారని ‘యంగ్ లైవ్స్’ లెక్కలే చూపాయి. బీహారులో 2006 నుంచి తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకు సైకిలు ఇచ్చారు. ఆ తరువాత పరిశోధకులు లెక్క తీస్తే, హైస్కూలులో చేరే అమ్మాయిలు సుమారు మూడో వంతు పెరిగారు. ఆ పెరుగుదల ముఖ్యంగా హైస్కూలు మూడు కిలోమీటర్ల కన్నా దూరంగా ఉన్న ఊళ్ళలోనే కనిపించింది. ఆడపిల్లను చదివించాలన్న బుద్ధి ఆ తల్లిదండ్రులకు ముందు నుంచీ ఉంది. లేనిది దారి.

మన రాష్ట్రంలో పథకాలకు కొదవలేదు. 2020లో అమ్మ ఒడి వచ్చింది. 2025లో తల్లికి వందనం వచ్చింది. రెండూ ఇంటరు వరకు వర్తించడం హర్షించదగినది. ప్రభుత్వ జూనియర్ కాలేజీలలో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం పెట్టడం మరీ మంచి పని. 2022లో వచ్చిన పెళ్ళికానుక పథకంలో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు విధించారు. ఆలోచన మంచిదే గాని, పదో తరగతి పదిహేను, పదహారేళ్ళకే అయిపోతుంది. అసలు గండం ఆ తరువాతి రెండేళ్ళలో ఉంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారుతున్నాయి. ఎంత సొమ్ము పంచామన్నది సభల్లో వినిపిస్తోంది. ఆ సొమ్ము వల్ల పాతపట్నం మండలంలో ఎంతమంది పిల్లలు ఇంటరు గట్టెక్కారన్నది కూడా అదే గొంతుతో వినిపించాలి.

మత్తు విషయంలో ఐస్‌లాండ్ అనే చిన్న దేశం అనుభవం గమనార్హం. అక్కడ 1998లో 15, 16 ఏళ్ళ పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో తాగి తూలామని చెప్పారు. ప్రభుత్వం ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. బడి పిల్లలను తరచూ ప్రశ్నించి, ఏ ఊరి లెక్క ఆ ఊరి ముందు పెట్టింది. ఆటలకు, సంగీతానికి డబ్బు ఇచ్చింది. తల్లిదండ్రులను సంఘాలుగా కూడగట్టింది. 2016 నాటికి ఆ 42 కాస్తా 5కు దిగింది. అది సంపన్న దేశం, నిజమే. అయినా అక్కడ మొదటి మెట్టు డబ్బు కాదు, లెక్క. ఆ మెట్టు ఎక్కడానికి మనకూ అడ్డు లేదు.

కనుక ఊరి నుంచే పని మొదలు కావాలి. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే ప్రతి గ్రామంలో ఆ ఏడు పరీక్ష రాసిన పిల్లల జాబితా సిద్ధం చేయాలి. ఆగస్టు నాటికి వారిలో ఎంతమంది ఇంటరులో, ఐటిఐలో చేరారు, ఎంతమంది కూలికి పోయారు, ఎంతమంది వలస వెళ్ళారు, ఎంతమందికి పెళ్ళిళ్ళయ్యాయి అన్నది గ్రామ సచివాలయ సిబ్బంది, ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు కలిసి తేల్చాలి. పేర్లు బయటపెట్టి పిల్లలను నవ్వులపాలు చేయనక్కరలేదు. అంకెలు మాత్రం గ్రామసభలో చదివి వినిపించాలి. ఏ ఊరి పిల్లలు దూరం వల్ల మానేశారో ఆ దారికి ఆర్టీసీ వారు కాలేజీ వేళకు బస్సు నడపాలి. వలస కుటుంబాల పిల్లలకు తల్లిదండ్రులు తిరిగి వచ్చే దాకా హాస్టలు వసతి కల్పించాలి. గిరిజన పిల్లల ఇంటరు సీట్ల విషయంలో సీతంపేట ఐటిడిఎ ముందుగానే మేల్కొనాలి.

పెద్దల వంతు కూడా తక్కువ కాదు. 18 నిండని పిల్లకు పెళ్ళి తలపెడుతున్నారని తెలిస్తే 1098కి ఫోను చేయడం ఆ ఇంటికి చేసే ద్రోహం కాదు, మేలు. పరీక్ష తప్పి దిగాలుపడిన పిల్లవాడిని పదిమందిలో చిన్నబుచ్చడం మానాలి. తప్పిన పరీక్ష మళ్ళీ రాయవచ్చు, పోయిన ప్రాణం రాదు. మనసు కుదుట లేనివారు 14416 నంబరుకు ఫోను చేస్తే, 2022 నుంచి నడుస్తున్న టెలి మానస్ కేంద్రం వారు ఖర్చు లేకుండా ధైర్యం చెబుతారు. ఈ మూడు నంబర్లూ కాలేజీ గోడ మీద, బస్టాండులో, రచ్చబండ దగ్గర పెద్ద అక్షరాలతో రాయించడానికి పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరకే అనలేదు. కాని మొక్కను వంచే ముందు దానికి నీరు అందుతోందో లేదో కూడా చూడాలి. బడి హక్కు ముగిసిన 14వ ఏటి నుంచి 18 నిండే దాకా మన పిల్లల లెక్క ఎవరి దగ్గర ఉంది? రాబోయే గ్రామసభలో ప్రతి ఊరూ అధికారులను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.