బంగారు మాడలు, సీసపు కాసులు

మొన్న ఖమ్మంలో ఒక మిత్రుడు రోము నాణేల బొమ్మలున్న పుస్తకమొకటి నా చేతికిచ్చి, "కంచుమీద సైతం ఎంత జీవమున్న ముఖాలో చూడండి! మన శాతవాహనులవీ ఉన్నాయి, మొద్దు సీసపు బిళ్లలు" అన్నాడు. అప్పుడు నోరు పెగల్లేదు. ఇప్పుడు బదులు చెబుతున్నాను.

రోము నాణెంమీద చక్రవర్తి ముఖం, వెనుక అతని ఘనత. క్రీ.శ. 70లో యెరూషలేము పతనమయ్యాక వెస్పాసియను వేయించిన కంచు నాణెంమీద ఖర్జూరపు చెట్టు కింద ఒక స్త్రీ కూర్చుని దుఃఖిస్తుంటుంది. ఓడిన యూదయ దేశమే ఆ స్త్రీ. రొట్టె కొనే పేదవాని చేతిలోనూ పడే చాటింపు అది! పనితనానికి నమస్కరిస్తాను, ఆ చాటింపుకు మాత్రం కాదు.

మన సీసపు కాసుమీద ఏమున్నది? ఏనుగు, కొండ, ఉజ్జయినీ చిహ్నం. తూర్పు తీరపు కాసులమీద రెండు కొయ్యల ఓడ. ముఖం చెక్కడం చేతకాకనా? యజ్ఞశ్రీ శాతకర్ణి వెండి నాణేలమీద చక్కని ముఖమున్నది. ఒకవైపు ప్రాకృతం, మరొకవైపు ద్రావిడ భాష ఉన్నవి.

ఇంకొందరిది వేరే పాట. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు లాగుకొంటున్నదని ప్లినీ వాపోయాడనీ, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోము వెండి రాశిగా దొరికిందనీ మీసం దువ్వుతారు. ఇద్దరూ చూస్తున్నది రోము నాణెమే!

నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. బౌద్ధస్తూపమూ, కంచు బుద్ధుడూ బయటపడ్డది అక్కడే. అక్కడినుండి భద్రాచలం అడవిదారి పొడుగునా ఎవరినడిగినా రాముడు తానీషాకు చెల్లించిన ఆరు లక్షల మాడల కథ చెబుతారు. సంతోషమే. మరి సీసపు కాసు కథ ఎవరు చెబుతారు?

చిన్నతనంలో గోదావరి ఒడ్డున ఒక ముసలాయన వలగుండ్లు పోయడానికి పాత సీసపు బిళ్లలు కరిగిస్తుంటే చూశాను. వాటిమీద ఏనుగున్నదో లేదో చూడాలని నాకు తోచలేదు. తప్పు ఆయనది కాదు, బడికి పోయిన నాది. చట్టానిదీ అదే చూపు: 1878 నాటి నిధుల చట్టం పది రూపాయల విలువ దాటినదాని గురించే కలెక్టరుకు తెలుపమంటున్నది. తూకానికి అమ్మితే పాత కాసు అంత చేయదు.

బంగారాన్ని ఎవరైనా దాచుకొంటారు. చిల్లరను దాచుకొనే జాతికే చరిత్ర మిగులుతుంది. ఈసారి మీ ఊరి దిబ్బమీద బూడిదరంగు బిళ్ల ఒకటి కనబడితే, దయచేసి, కరిగించే ముందు ఒక్కసారి తిప్పి చూడండి.