చిన్న ఓడ, పెద్ద హెలికాప్టరు

సాధన సంపత్తి లేదని పని పక్కన పెట్టేవారు కెనడా నౌకాదళం సాధించిన ఒక విషయం తెలుసుకోవడం మంచిది.

1950లలో ఆ దళానికి ఒక చిక్కు వచ్చిపడింది. సముద్రంలో దాగి తిరిగే జలాంతర్గాములను వెదకాలంటే హెలికాప్టర్లు కావాలి. చేతిలో ఉన్నవి చాలావరకు 366 అడుగుల పొడవున్న చిన్న యుద్ధనౌకలు. సరిపడే సీకింగ్ హెలికాప్టరు నిండు బరువు 8 టన్నులకు పైమాటే. అట్లాంటిక్ అలలకు డెక్కు ఒక క్షణం పైకి లేస్తుంది, మరుక్షణం పక్కకు ఒరుగుతుంది. అలాంటి చోట దిగడమంటే ప్రాణాలతో చెలగాటమే. బ్రిటన్ వారు చిన్న ఓడలకు తేలికపాటి వాస్ప్ హెలికాప్టర్లతో సరిపెట్టుకున్నారు. కెనడా వారు పెద్దదే దించాలని పట్టుబట్టారు.

1956లో బకింగ్‌హామ్ అనే ఓడపై వేదిక కట్టి పరీక్షలు చేశారు. ఆపై నౌకాదళం, ఫెయిరీ కంపెనీ కలిసి రూపొందించిన సాధనమే ‘బేర్‌ట్రాప్’, అంటే ఎలుగుబంటి ఉచ్చు. 1963లో అసినిబోయిన్ నౌకపై దానిని పరీక్షించారు.

పని తీరు సులువుగానే అర్థమవుతుంది. హెలికాప్టరు డెక్కుపై గాలిలో నిలిచి సన్నని తాడు జారవిడుస్తుంది. నావికులు దానికి బలమైన ఉక్కు తాడు తగిలిస్తారు. అది పైకి వెళ్లి హెలికాప్టరు కడుపు కింద బిగుసుకుంటుంది. ఓడ కిందికి లాగుతుంటే పైలట్ పైకి లాగుతూనే ఉంటాడు. పలుపు వదులైతే పశువు కాళ్లకు చుట్టుకుంటుందని రైతుకు తెలుసు. ఇక్కడా అంతే. తాడు బిగువుగా ఉంటేనే హెలికాప్టరు తూలదు. డెక్కుమీది అధికారి ఓడ కాస్త నిలకడగా ఉన్న అదను చూసి దిగమంటాడు. కిందికి దిగగానే ఉచ్చు దవడలు మూసుకుంటాయి. తర్వాత అదే ఉచ్చు పట్టాల వెంట హెలికాప్టరును షెడ్డులోకి లాక్కుపోతుంది.

ఈ పద్ధతి మన దేశానికీ వచ్చింది. బొంబాయిలో తయారై 1980, 1981లలో నౌకాదళంలో చేరిన తారగిరి, వింధ్యగిరి నౌకలపై సీకింగ్‌లను దించడానికి ఈ కెనడా సాధనాన్నే అమర్చారు. కెనడాలో సీకింగ్‌లు 2018 వరకు పనిచేశాయి.

పైలట్ ధైర్యాన్ని అందరూ మెచ్చుకుంటారు. హోరుగాలిలో, తిరిగే రెక్కల కింద నిలబడి తాడు తగిలించే నావికుడి పేరు ఎవరూ అడగరు. అతని చేయి తప్పితే ఎంత గొప్ప యంత్రమైనా వృథాయే. మెప్పులో అతనికీ వాటా దక్కాలి.

పెద్ద ఓడ వచ్చేదాకా ఆగుదామని వారు అనుకోలేదు. ఉన్న ఓడకు తగిన ఉపాయం వెదికారు. నిధులు లేవంటూ ఏళ్ల తరబడి పనులు వాయిదా వేసేవారు ఈ సంగతిని ఒకసారి ఆలోచించాలి.