పై రంగు, లోని యుక్కు

ఇంగ్లండునందలి ఆబింగ్డనులో 1962 మొదలు 1980 వఱకు ఎం.జి.బి. యను స్పోర్ట్సు కారు తయారయ్యెను. అట్టి పాతబండ్లను నేటికిని పలువురు ఇంటియొద్దనే బాగుచేసికొనుచున్నారు. వారు తొలుత రంగుడబ్బా కొనుట తగదని మా యభిప్రాయము.

పైకప్పు లేని బండికి తలుపుల క్రిందనున్న బోలు ఉక్కుపట్టెలే ముఖ్యాధారము. అవి లోలోపలనే తుప్పుపట్టును. తుప్పుమీది రంగు త్వరలోనే పొక్కును. బలము తప్పిన బండి యెక్కినవారికి ప్రాణాపాయము. కావున తలుపుసందున ఊతకడ్డీ బిగించి, చెడినదానిని కోయించి, క్రొత్తయుక్కును వెల్డింగు చేయింపవలెను. ఊత లేనిచో బండి నడుమ క్రుంగి, తలుపులు సరిగా మూసికొనవు. పిమ్మటనే ఉప్పుకాగితము, ప్రైమరు, రంగు.

విద్యార్థులారా! చూపఱులు మెచ్చునది రంగును. ప్రయాణికుని మోయునది కనబడని యుక్కు.